నివేదికలో అతికించిన చార్టు వెనుక ఏముంది? రాత, లెక్క, చార్టు ఒకే ఫైల్లో కలిపే పద్ధతులు

ఖిదిర్‌పూర్‌లో మా తెలుగు సంఘం వార్షిక నివేదిక రాసే పని కిందటేడాది నా మీద పడింది. విలేకరిని కాబట్టి అలాంటివి నాకు కొట్టిన పిండి అని పెద్దలు అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. నాలుగు పేజీల నివేదిక. మొదట కార్యదర్శి మాట, తర్వాత జమాఖర్చుల పట్టిక, చివర్లో చదువులకు, వైద్యానికి ఎంత సాయం అందిందో చూపే చార్టు. ఎక్సెల్‌లో చార్టు గీసి, కాపీ చేసి, వర్డ్‌లో అతికించాను. అతికించేటప్పుడు కొన్ని ఐచ్ఛికాలు కనిపించాయి. 'లింక్' అంటే పంపినప్పుడు తెగిపోతుందేమోనని 'ఎంబెడ్ వర్క్‌బుక్' ఎంచుకున్నాను. ఫైలును సభ్యుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను.

ఆ రాత్రే ఒక పెద్దాయన ఫోన్ చేశారు.

"ఏటమ్మా ఇది? మా మనవడు కంప్యూటర్లో ఆ చార్టు మీద ఏదో నొక్కాడు. ఎవరింటికి ఎంతిచ్చామో పేర్లతో సహా వచ్చేస్తన్నాయి."

ఆయన చెప్పింది నిజమే. చార్టు మీద రైట్‌క్లిక్ చేసి 'ఎడిట్ డేటా' అంటే ఎక్సెల్ ఫైలు మొత్తం తెరుచుకుంటోంది. చార్టుకు వాడిన మొత్తాలు ఒక షీటులో ఉన్నాయి. పక్క షీటులో సాయం తీసుకున్న కుటుంబాల పేర్లు, ఫోన్ నంబర్లు, జబ్బుల వివరాలు, ఇచ్చిన డబ్బు. వాట్సాప్‌లో ఫైలు తొలగించాను గానీ, అప్పటికే దించుకున్నవారి దగ్గర అది అలాగే ఉంది. ఆ జాబితాలో ఉన్న ఒకావిడ తర్వాత రెండు నెలలు సంఘం గుమ్మం తొక్కలేదు.

ఆఫీసుల్లో, బడుల్లో, సంఘాల్లో రోజూ జరిగే పనే ఇది. రాత, లెక్కల పట్టిక, చార్టు కలిపి ఒక ఫైలు తయారు చేస్తాం. అది ఎలా కనిపిస్తుందన్నదే చూసుకుంటాం. అందులోని అంకె అసలు ఎక్కడుందో, ఫైలుతో పాటు ఇంకేం ప్రయాణిస్తోందో చూడం. ఆ సంగతి వివరించడానికే ఈ వ్యాసం.

మూడు పద్ధతులు, మూడు ఫలితాలు

సంఘం లెడ్జరులో ఒక పేజీని ఎవరికైనా చూపాలనుకోండి. దానికి మూడు దారులున్నాయి. ఆ పేజీని ఫొటో తీసి పంపొచ్చు. లెడ్జరునే కవర్లో పెట్టి పంపొచ్చు. లేదా లెడ్జరు ఫలానా బీరువాలో ఉంది, వెళ్లి చూసుకోండి అని చెప్పొచ్చు. కంప్యూటర్లోనూ ఇవే మూడు పద్ధతులు.

మొదటిది బొమ్మగా అతికించడం. కాపీ చేసిన క్షణంలో చార్టు ఎలా ఉందో అలాగే ఉండిపోతుంది. వెనుక అంకెలేవీ ఉండవు. లెక్క మారితే బొమ్మ మారదు, మళ్లీ అతికించాలి. ఎవరికి పంపినా ఒకేలా కనిపిస్తుంది. అయితే చూపు లేనివారు వాడే స్క్రీన్ రీడర్లు బొమ్మలోని అంకెలను చదవలేవు. కాబట్టి బొమ్మకు 'ఆల్ట్ టెక్స్ట్'గా రెండు వాక్యాల వివరణ రాయాలి.

రెండోది ఎంబెడ్ చేయడం, అంటే లెక్కల ఫైలు నకలును నివేదిక లోపలే పొదగడం. ఆ నకలును అక్కడే సవరించుకోవచ్చు. అసలు ఫైలుతో దానికి ఇక సంబంధం ఉండదు. అసలులో ఒక తప్పు దిద్దితే నకలులో ఆ తప్పు అలాగే మిగులుతుంది. ఎక్సెల్ నుంచి ఈ పద్ధతిలో అతికిస్తే చార్టుకు కావాల్సిన గడులు మాత్రమే కాక, వర్క్‌బుక్‌లోని షీట్లన్నీ వెంట వస్తాయి. నేను చేసిన తప్పు ఇదే.

మూడోది లింకు చేయడం. నివేదికలో చార్టు కనిపిస్తుంది, అంకెలు మాత్రం విడి ఫైల్లోనే ఉంటాయి. అసలు మారినప్పుడు నివేదికలోని చార్టును తాజా చేసుకోవచ్చు. కాకపోతే అసలు ఫైలు పేరు మార్చినా, వేరే ఫోల్డరుకు తరలించినా, నివేదికను ఇంకో కంప్యూటర్లో తెరిచినా లింకు చాలాసార్లు తెగిపోతుంది. చివరిసారి ఉన్న చార్టు అలాగే కనిపిస్తూ ఉంటుంది. అది పాతదని చదివేవారికి తెలిసే వీలు లేదు.

ఈ ఏర్పాటు ఎక్కడి నుంచి వచ్చింది?

రాతతో పాటు పట్టికను, గీతను పక్కపక్కనే పెట్టి వాదించడం కంప్యూటర్ల కంటే చాలా పాతది. స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లోనే ఇంగ్లండ్ ఎగుమతులు, దిగుమతులను గీతల్లో చూపుతూ పుస్తకం వేశాడు. అప్పట్లో గీతలను రాగిరేకు మీద చెక్కేవారు. అంకె మారితే రేకును మళ్లీ చెక్కాల్సిందే.

కంప్యూటర్లలో తొలి ప్రజాదరణ పొందిన స్ప్రెడ్‌షీట్ విసికాల్క్ 1979లో వచ్చింది. 1981లో జెరాక్స్ సంస్థ తెచ్చిన 'స్టార్' కంప్యూటర్లో రాత, పట్టిక, బొమ్మ ఒకే పేజీ మీద కనిపించేవి. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 లెక్కను, చార్టును ఒకే ప్రోగ్రాములో కలిపింది. మరుసటి ఏడాది లోటస్ సింఫనీ, యాష్టన్-టేట్ ఫ్రేమ్‌వర్క్ రాతను కూడా చేర్చాయి. అన్ని పనులూ ఒకే ప్రోగ్రాము చేయాలన్నది వాటి ఆలోచన.

1990ల మొదట్లో మైక్రోసాఫ్ట్ వేరే దారి పట్టింది. ఏ పని చేసే ప్రోగ్రాము ఆ పనే చేస్తుంది, ఒకదాని ఫలితాన్ని ఇంకోదాని ఫైల్లో పొదగొచ్చు, లేదా లింకు చేయొచ్చు అంది. ఆ ఏర్పాటు పేరు 'ఆబ్జెక్ట్ లింకింగ్ అండ్ ఎంబెడ్డింగ్', పొట్టిగా ఓఎల్ఈ. మనం చెప్పుకున్న రెండు పద్ధతులూ దాని పేరులోనే ఉన్నాయి. ఆపిల్, ఐబీఎం కలిసి దీనికి పోటీగా తెచ్చిన 'ఓపెన్‌డాక్' 1997లో ఆగిపోయింది.

ఆ తర్వాత ఫైళ్లకు ప్రమాణాలు వచ్చాయి. లిబ్రెఆఫీస్ వాడే ఓడీఎఫ్ 2006లో, మైక్రోసాఫ్ట్ వాడే ఓఓఎక్స్ఎంఎల్ 2008లో అంతర్జాతీయ ప్రమాణాలయ్యాయి. ఈ రెండు రకాల ఫైళ్లూ నిజానికి జిప్ మూటలు. దీనివల్ల మనకో లాభం ఉంది. పొదిగిన లెక్కల ఫైలు ఉందో లేదో మనమే విప్పి చూసుకోవచ్చు. వర్డ్ ఫైలుకు ఒక కాపీ చేసి, పేరు చివర 'డాక్ఎక్స్' తీసేసి 'జిప్' అని పెట్టి తెరవండి. లోపల 'వర్డ్' ఫోల్డరులో 'ఎంబెడ్డింగ్స్' అనే ఫోల్డరు కనిపిస్తే, అందులో ఉన్నదే మీ ఎక్సెల్ ఫైలు.

ఏ ప్రోగ్రాములో ఎలా?

మైక్రోసాఫ్ట్ వర్డ్: ఎక్సెల్ చార్టును కాపీ చేసి అతికించగానే చిన్న పేస్ట్ గుర్తు వస్తుంది. దాన్ని నొక్కితే ఐదు ఐచ్ఛికాలు ఉంటాయి. రెండు ఎంబెడ్, రెండు లింక్, ఒకటి పిక్చర్. రెండేసి ఎందుకంటే, రంగులు, అక్షరాలు ఎక్సెల్‌లో ఉన్నట్టే ఉండాలా, వర్డ్ ఫైలుకు తగ్గట్టు మారాలా అన్నది కూడా అక్కడే ఎంచుకోవాలి. ఏదీ ఎంచుకోకుండా మామూలుగా అతికిస్తే చార్టు లింకు అవుతుంది. గడుల పట్టికకు ఈ నియమం వర్తించదు. మామూలుగా అతికిస్తే అది లింకు లేని వర్డ్ పట్టికగా మారుతుంది. పట్టిక కూడా లింకు కావాలంటే 'పేస్ట్ స్పెషల్'లో 'పేస్ట్ లింక్' ఎంచుకోవాలి.

చాలామందికి తెలియని సదుపాయం ఇంకొకటి ఉంది. వాక్యం మధ్యలోని అంకెను కూడా లింకు చేయొచ్చు. ఎక్సెల్‌లో ఒక్క గడిని కాపీ చేసి, వాక్యంలో కర్సరు పెట్టి, 'పేస్ట్ స్పెషల్'లో 'పేస్ట్ లింక్', 'అన్‌ఫార్మాటెడ్ టెక్స్ట్' ఎంచుకోండి. తర్వాత ఆ అంకె మీద ఎఫ్9 నొక్కితే తాజా అవుతుంది. పట్టికలో ఒక అంకె, పై పేరాలో ఇంకో అంకె ఉండే పొరపాటు దీంతో చాలావరకు తప్పుతుంది. ఫైలులో ఏయే లింకులున్నాయో చూడటానికి 'ఫైల్' మెనూలోని 'ఇన్ఫో' పేజీలో 'ఎడిట్ లింక్స్ టు ఫైల్స్' ఉంటుంది. లింకును శాశ్వతంగా తెంచడానికీ అక్కడికే వెళ్లాలి.

లిబ్రెఆఫీస్: కాల్క్‌లో గీసిన చార్టును రైటర్లో అతికిస్తే అది విడి నకలుగా మారుతుంది. కాల్క్‌లో అంకె మార్చినా రైటర్లో చార్టు మారదు. గడుల పట్టికను మాత్రం 'పేస్ట్ స్పెషల్'లో 'డీడీఈ లింక్' ద్వారా కలపొచ్చు.

గూగుల్ డాక్స్: 'ఇన్సర్ట్' మెనూలో 'చార్ట్', అక్కడ 'ఫ్రమ్ షీట్స్' ఎంచుకుంటే లింకైన చార్టు వస్తుంది. షీటులో అంకెలు మారినప్పుడు చార్టు మూలన 'అప్‌డేట్' బటన్ కనిపిస్తుంది. ఎవరో ఒకరు దాన్ని నొక్కాలి. ఇక్కడో జాగ్రత్త. అసలు షీటు చూసే అనుమతి లేనివారికి కూడా, డాక్యుమెంటు చూసే అనుమతి ఉంటే, లింకైన చార్టుకు సంబంధించిన సమాచారం అందుతుందని గూగుల్ తన సూచనల్లోనే హెచ్చరిస్తోంది.

ఏ అంకె కదలాలి, ఏది కదలకూడదు?

ఈ ప్రశ్నకు జవాబు ఖిదిర్‌పూర్‌లోనే దొరుకుతుంది. ఇక్కడి డాక్ 1890ల నుంచి వాడుకలో ఉంది. కోల్‌కతా రేవు సముద్రానికి ఎంతో లోపల, హుగ్లీ ఒడ్డున ఉంది. నదిలో నీటిమట్టం ఆటుపోట్లతో రోజుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. డాక్ లోపల నీరు నిలకడగా ఉండాలి కాబట్టి ఓడలు లాక్ గేట్ల గుండా, పోటు చూసుకుని లోపలికి వస్తాయి. ఉత్తరాంధ్ర నుంచి జూట్ మిల్లులకు, రేవు పనులకు, రైల్వేకు తరలివచ్చిన తెలుగు కుటుంబాలకు ఈ లెక్క కొత్త కాదు.

ఇలాంటి చోట తయారయ్యే రెండు కాగితాలను ఊహించండి. ఒకటి, రేపటి పోటు ఎన్ని గంటలకు, ఎంత ఎత్తు, ఏ ఓడ ఎంత లోతు నీటిలో రాగలదు అని చెప్పే పట్టిక, గీత. రెండోది, గడిచిన ఆర్థిక సంవత్సరంలో ఎంత సరుకు దిగిందో చెప్పే నివేదిక.

మొదటిదానిలో అంకె ఎప్పటికప్పుడు మారాలి. నిన్నటి అంకెతో ఓడను నడిపితే ప్రమాదం. దానికి లింకే సరైనది. రెండోదానిలో అంకె మారకూడదు. సంతకాలు పడ్డాక ఎవరో అసలు ఫైలును తెరిచి ఏదో సవరిస్తే, గతేడాది నివేదికలోని చార్టు ఈ ఏడాది మారిపోయే పరిస్థితి రాకూడదు. దానికి బొమ్మో, పీడీఎఫ్‌గా మార్చిన ప్రతో సరైనది.

మీ నివేదికకూ ఇదే ప్రశ్న వేసుకోండి. తయారీలో ఉన్నంతకాలం లింకు మంచిది, ఎందుకంటే ఆడిటరు రోజుకో అంకె దిద్దుతారు. ఆమోదం పొందిన రోజు లింకులన్నీ తెంచి, తేదీ వేసి, పీడీఎఫ్ చేయాలి. ఎంబెడ్ ఉపయోగపడే సందర్భం ఒకటే. అందుకునేవారు కూడా అంకెలు సవరించాలి, మీ మూల ఫైలు వారి దగ్గర ఉండదు, అందులో దాచాల్సిందేమీ లేదు అన్నప్పుడు.

కనిపించని షీటు ఖరీదు

షీటును 'హైడ్' చేస్తే దాగిందనుకోవడం పెద్ద పొరపాటు. అది తలుపు దగ్గరకు వేయడమే, తాళం వేయడం కాదు. ఇందులో మాలాంటి చిన్న సంఘాలే కాదు, పెద్ద సంస్థలూ దెబ్బతిన్నాయి.

2012లో లండన్‌లోని ఇస్లింగ్టన్ కౌన్సిల్, సమాచార హక్కు తరహా దరఖాస్తుకు జవాబుగా గృహవసతి గణాంకాల ఎక్సెల్ ఫైళ్లు ఇచ్చింది. చూడటానికి అవి మొత్తాల పట్టికలే. ఆ పట్టికల వెనుక 2,300 మందికి పైగా నివాసుల వ్యక్తిగత వివరాలు ఉండిపోయాయి. మరుసటి ఏడాది బ్రిటన్ సమాచార కమిషనర్ కౌన్సిల్‌కు 70,000 పౌండ్ల జరిమానా వేశారు.

2023 ఆగస్టులో ఉత్తర ఐర్లండ్ పోలీసు శాఖకు ఇంతకంటే పెద్ద దెబ్బ తగిలింది. ఏ ర్యాంకులో ఎంతమంది ఉన్నారన్న ప్రశ్నకు జవాబుగా ఇచ్చిన స్ప్రెడ్‌షీట్‌లో, దాచిన షీటు ఒకటి ఉండిపోయింది. అందులో దాదాపు 9,500 మంది అధికారులు, సిబ్బంది ఇంటిపేర్లు, పొడి అక్షరాలు, ర్యాంకులు, పనిచేసే చోటు ఉన్నాయి. ఫైలు ఇంటర్నెట్‌లో రెండు గంటలకు పైగా కనిపించింది. పోలీసు ఉద్యోగమన్న సంగతిని ఇరుగుపొరుగు నుంచి కూడా దాచుకునే ప్రాంతమది. 2024లో ఆ శాఖకు 7,50,000 పౌండ్ల జరిమానా పడింది.

మన దగ్గర 2023 ఆగస్టులో పార్లమెంటు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాన్ని ఆమోదించింది. అయితే చట్టం మాట పక్కన పెట్టినా, ఎవరి వివరాలైనా మన దగ్గర ఉన్నాయంటే నమ్మి ఇచ్చారు కాబట్టే ఉన్నాయి.

అలాగని లెక్కలన్నీ దాచేయాలా?

అక్కర్లేదు. దాచడం వల్ల వేరే నష్టం ఉంది. అమెరికా ఆర్థికవేత్తలు కార్మెన్ రీన్‌హార్ట్, కెన్నెత్ రోగోఫ్ 2010లో ప్రభుత్వాల అప్పుకు, ఆర్థికవృద్ధికి ఉన్న సంబంధంపై రాసిన పత్రం ఎన్నో దేశాల్లో పొదుపు విధానాలపై చర్చలో వినిపించింది. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ విద్యార్థి థామస్ హెర్న్‌డన్ వారి ఎక్సెల్ ఫైలు అడిగి తీసుకున్నాడు. తెరిచి చూస్తే, సగటు కట్టిన సూత్రంలో ఐదు దేశాల వరుసలు కలవలేదు. పత్రంపై ఆయన, ఆయన గురువులు లేవనెత్తిన అభ్యంతరాల్లో ఇదొకటి. పత్రంలోని పట్టికను ఎంతసేపు చూసినా ఆ తప్పు దొరికేది కాదు. లెక్కల ఫైలు చేతికి రావడం వల్లే దొరికింది.

కాబట్టి చందాలిచ్చిన సభ్యులు లెక్క అడిగితే ఇవ్వాలి. అంకెలు తెలియాలి, మనుషులు బయటపడకూడదు. అందుకు మార్గం రెండు ఫైళ్లు పెట్టుకోవడం. ఒకటి పేర్లతో ఉన్న మూల ఫైలు. అది కోశాధికారి దగ్గరే ఉంటుంది. రెండోది మొత్తాలు మాత్రమే ఉన్న ప్రచురణ ఫైలు. మూల ఫైలు నుంచి మొత్తాలను 'పేస్ట్ వాల్యూస్'తో, అంటే సూత్రాలు లేకుండా విలువలుగా మాత్రమే అతికించాలి. సూత్రాలతో అతికిస్తే అవి మూల ఫైలుతో సంబంధం పెట్టుకునే ఉంటాయి. చార్టును ఈ రెండో ఫైలు నుంచే గీయాలి. అప్పుడు దాన్ని ఎంబెడ్ చేసినా, లింకు చేసినా భయం లేదు.

ఒక జాగ్రత్త. మొత్తాలు కూడా ఒక్కోసారి మనుషులను పట్టిస్తాయి. 'డయాలసిస్ సాయం: 1 కుటుంబం' అని రాస్తే, చిన్న బస్తీలో అది ఎవరో అందరికీ తెలిసిపోతుంది. అలాంటి వరుసలను 'వైద్యం' అన్న ఒకే పద్దులో కలిపేయడం మేలు.

తెలుగులో చేసేటప్పుడు

చార్టులో తెలుగు పేర్లు పెట్టేవారికి మొదటి ఇబ్బంది ఫాంటు. డీటీపీ దుకాణాల్లో ఇప్పటికీ అను వంటి పాత ఫాంట్లు నడుస్తున్నాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే చార్టు కింద ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. తెలుగు లిపి 1991లో వచ్చిన తొలి యూనికోడ్ ప్రమాణం నుంచే అందులో ఉంది. విండోస్‌లో వచ్చే గౌతమి, నిర్మల యూఐ, ఉచితంగా దొరికే నోటో శాన్స్ తెలుగు, మండలి వంటివన్నీ యూనికోడ్ ఫాంట్లే. రాతకు, పట్టికకు, చార్టుకు యూనికోడే వాడాలి.

వర్డ్‌లోనూ, లిబ్రెఆఫీస్‌లోనూ తెలుగును సంక్లిష్ట లిపుల కింద లెక్కిస్తారు. వాటి ఫాంటును ఇంగ్లిష్ ఫాంటుతో సంబంధం లేకుండా విడిగా ఎంచుకోవాలి. చార్టులోని అక్షరాలకు మళ్లీ వేరే సెట్టింగు. పేజీలో తెలుగు చక్కగా ఉండి చార్టులో మాత్రం వేరేగా కనిపించడానికి కారణం సాధారణంగా ఇదే. పీడీఎఫ్‌గా మార్చేటప్పుడు ఫాంట్లు లోపలే చేరతాయి కాబట్టి బయటికి పంపడానికి అదే నయం.

రెండోది లక్షలు, కోట్లు. కొన్ని కంప్యూటర్లలో పన్నెండు లక్షలు 1,200,000గా కనిపిస్తుంది. విండోస్ రీజియన్ సెట్టింగులో భారత పద్ధతి ఎంచుకుంటే 12,00,000గా మారుతుంది. పేరాలో ఒక తీరు, చార్టులో ఇంకో తీరు ఉంటే చదివేవారు తికమకపడతారు.

పంపే ముందు ఐదు నిమిషాలు

ఫైలు బయటికి వెళ్లే ముందు ఈ వరుసలో చూసుకోండి.

1. పేరాల్లోని ప్రతి అంకెనూ పట్టికతో, పట్టికను చార్టుతో పోల్చండి. చార్టు తాజా అయినా, 'గతేడాది కంటే పెరిగింది' అన్న వాక్యం తనంతట తాను మారదు.

2. ప్రతి చార్టు మీద రైట్‌క్లిక్ చేసి 'ఎడిట్ డేటా' నొక్కండి. ఏ ఫైలు తెరుచుకుంటుందో, అందులో ఏయే షీట్లున్నాయో, దాచినవి ఉన్నాయేమో చూడండి.

3. వర్డ్‌లో 'ఫైల్', 'ఇన్ఫో', 'చెక్ ఫర్ ఇష్యూస్', 'ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్' నడపండి. అది కొన్నింటిని కనిపెట్టి చెబుతుంది. అన్నింటినీ తీసేయలేదు, కాబట్టి రెండో అంశాన్ని వదిలేయొద్దు.

4. లింకులు తెంచండి. చార్టు కింద 'ఫలానా తేదీ నాటి లెక్కల ప్రకారం' అని రాయండి.

5. పీడీఎఫ్ చేసి, ఆ పీడీఎఫ్‌ను ఒకసారి ఫోనులో, ఇంకోసారి వేరే కంప్యూటర్లో తెరిచి చూశాకే పంపండి.

మా సంఘం ఈ ఏడాది నివేదిక ఇలాగే తయారైంది. పేర్ల ఫైలు కోశాధికారి లాప్‌టాప్‌లో పాస్‌వర్డుతో ఉంది. గ్రూపులో పెట్టేముందు పీడీఎఫ్‌ను ఫోన్ చేసిన ఆ పెద్దాయన ఇంటికే తీసుకెళ్లాను. మనవడు చార్టు మీద ఎక్కడెక్కడో నొక్కి చూశాడు. ఏమీ తెరుచుకోలేదు. "ఇప్పుడు పంపమ్మా" అన్నారాయన.